తెలిసినవాళ్ళదే తప్పు

తెలియకుండా ఉండడం ఎలాగో మా ఊరు ఆ ఏడాది జూన్‌లో నేర్చుకుంది. అంతకుముందు మా ఊళ్ళో తెలియని విషయమంటూ ఉండేది కాదు. మిన్నెసోటాలో మొక్కజొన్న చేల మధ్య ఎనిమిది వందల మంది ఉండే ఊరు. పొద్దున ఎవరింట్లో ఎవరు తుమ్మినా సాయంత్రానికల్లా ధాన్యం గోదాము దగ్గర మందు చెప్పేవాళ్ళు.

నేను ఆ ఊరి టపా బండి నడుపుతాను. రోజుకి తొంభై మైళ్ళు, మూడు వందల ఉత్తరాల డబ్బాలు. ఎవరికి ఏ ఆస్పత్రి నుంచి కవరు వచ్చిందో, ఎవరి కొడుకు ఏ జైలు నుంచి రాస్తున్నాడో నా చేతులకి తెలుస్తుంది గాని నా నోటికి తెలియదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. తెలిసీ తెలియనట్టుండే విద్యలో నన్ను మించినవాడు చుట్టుపక్కల లేడని నాకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

దానికి తోడు ఊరి కౌన్సిల్లో ఐదుగురిలో నేనొకణ్ణి. పదవి అంటే పెద్దగా ఏం లేదు, నెలకోసారి మంచు తీసే బండి గురించి గంటసేపు పోట్లాడుకోవడం. ఆ ఏప్రిల్ సమావేశానికి మాత్రం జిల్లా ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ కాగితాలు పట్టుకుని వచ్చింది. ఇరవై ఒక్కేళ్ళు నిండని పిల్లలు మన ఇంట్లోనో, పెరట్లోనో, షెడ్డులోనో చేరి తాగుతుంటే, సీసా కొనిచ్చింది మనం కాకపోయినా, ఆ ఇంటి పెద్దవాళ్ళదే నేరమని ఊరి చట్టం చెయ్యాలట. పక్క ఊళ్ళు అప్పటికే చేసేశాయట.

"తెలిసి గాని, తెలిసి ఉండవలసి ఉండి గాని ఊరుకున్నవారు," అని ఆవిడ చదివింది.

గోదాము యజమాని హార్లన్ చెవిలో మిషన్ సరిచేసుకున్నాడు. "నాకు తెలిసి ఉండవలసినవి చాలా ఉన్నాయమ్మా. మా ఆవిడ నలభై ఏళ్ళుగా జాబితా చదువుతూనే ఉంది. అన్నిటికీ జైల్లో వేస్తారా ఏంటి?"

అందరం నవ్వాం. నవ్వు తగ్గాక నేను గొంతు సవరించుకుని, చాలా తెలివైనవాడిలా ఒక సవరణ చెప్పాను. "ఆ రెండో ముక్క తీసేద్దాం. తెలిసి ఊరుకున్నవాడిది తప్పు, ఒప్పుకుంటాను. నిద్రపోతున్నవాడి మీద కేసు పెడితే ఏం న్యాయం?"

ఆ ముక్క తీసేసి ఐదుగురం చేతులెత్తాం. హార్లన్ నా భుజం తట్టాడు. ఇంటికి వస్తూ దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను.

నా భార్య రెనే మా ఇంట్లోనే పిల్లల డేకేర్ నడిపేది. పందొమ్మిదేళ్ళుగా నడుపుతోంది. పొద్దున ఆరున్నరకల్లా తల్లులు పిల్లల్ని దించి పనులకి పోయేవారు. ఏ పిల్ల ఎన్నింటికి వచ్చింది, ఎవరు దించారు, ఏం తింది, ఎంతసేపు పడుకుంది, ఎవరు తీసుకెళ్ళారు అన్నీ ఒక అట్టకి తగిలించిన కాగితం మీద రాసేది. అది రాయకపోతే లైసెన్సు ఉండదు. రాసి రాసి ఆమెకి అది ఊపిరి తీసుకోవడంలాంటిదైపోయింది. ఒకసారి మా చుట్టాలు భోజనానికొస్తే వాళ్ళు ఎన్ని బంగాళాదుంపలు తిన్నారో కూడా రాసేసింది.

ఆ రాత్రి నా సవరణ గురించి గొప్పగా చెప్పాను. ఆమె మర్నాటి కోసం క్యారట్లు తరుగుతోంది.

"అంటే చూసినవాళ్ళకి శిక్ష, చూడనివాళ్ళకి లేదు. అంతేగా?" అంది.

"అలా కాదు..."

"మరెలా?"

ఆమె ఇంకో క్యారట్ తీసుకుంది.

"నా లైసెన్సు పుస్తకంలో దీనికి సరిగ్గా తిరగేసి రాసుంది, డ్వేన్. చూడకపోతేనే నా తప్పు."

ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

మే నెల వచ్చింది. మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. హైస్కూలు ముగించిన పిల్లలు పట్టాలు పుచ్చుకున్న రాత్రి ఎవరో ఒకరి షెడ్డులో చేరతారు. ఆ ఇంటి పెద్దాయన గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళ కారు తాళాలు రాగానే ఐస్‌క్రీమ్ బకెట్టులో వేయించుకుంటాడు. తెల్లారాక అట్లు వేసి పెట్టి, కళ్ళలోకి ఓసారి చూసి, తాళాలు తిరిగిస్తాడు. లోపల ఏం తాగారని ఎవరూ అడగరు. మా నాన్న ఆ బకెట్టు పట్టుకుని కూర్చున్న ఏడు నాకు గుర్తే.

ఆ ఏడు ఎవరి షెడ్డు? నాకు తమాషాగా అనిపించి గమనించడం మొదలుపెట్టాను. ఊరెళ్ళేవాళ్ళు తిరిగొచ్చేదాకా ఉత్తరాలు ఆపమని మాకు చీటీ రాసిస్తారు. మామూలుగా వారానికి ఒకటో రెండో వస్తాయి. ఆ జూన్ మొదటి శుక్ర, శని, ఆదివారాలకి పందొమ్మిది చీటీలు వచ్చాయి. అన్నీ ఆ ఏడు హైస్కూలు ముగిస్తున్న పిల్లలున్న ఇళ్ళే. ఎప్పుడూ గాలం పట్టని మనిషి చేపలకి సరస్సు మీదికి పోతున్నాడు. ఇరవయ్యేళ్ళుగా అత్తగారితో మాటల్లేని ఆవిడ అత్తగారింటికి బయల్దేరింది. మనవరాలు ఆ ఏడే ముగిస్తున్న హార్లన్‌కి పోవడానికి ఊరు లేక, ఆ సాయంత్రం ఆరింటికే చెవి మిషన్లు తీసి సొరుగులో పెట్టేస్తానని అందరికీ ముందే చాటాడు.

"పిడుగు పడ్డా నాకు వినపడదయ్యా," అన్నాడు నాతో. "నీ సవరణ పుణ్యమా అని హాయిగా నిద్రపోతాను."

ఇంతమంది ఒకేసారి అమాయకులైపోవడం చూస్తే నాకు నవ్వొచ్చింది. అది చూడాల్సిన వింత అనుకున్నానే గాని, దాని మీద నా చేతి ముద్ర ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

పట్టాల రోజుకి మూడు రోజుల ముందు, రాత్రి భోజనాల దగ్గర, వాళ్ళతోపాటే హైస్కూలు ముగిస్తున్న మా అబ్బాయి టానర్ చెప్పాడు. "ఎవరి షెడ్డూ దొరకలేదు. అందరం కంకర గొయ్యికి వెళ్తున్నాం."

ఊరికి పడమర కంకర తవ్వి వదిలేసిన గొయ్యి అది. ఊట నీళ్ళు నిండి ఉంటాయి. రెనే ఫోర్కు కింద పెట్టింది.

"ఎంతమంది?"

"ఇరవై మంది ఉంటారేమో."

"ఎవరు చూసుకుంటారు?"

"అమ్మా, మేమేమన్నా పసిపిల్లలమా?"

"నిన్న నీ లాగు ఉతికింది ఎవరు?" అంది రెనే. తర్వాత "మన షెడ్డుకి రమ్మను," అంది.

నేను కుర్చీ వెనక్కి జరిపాను. "రెనే! నేను కౌన్సిల్లో ఉన్నాను."

"తెలుసు."

"ఆ చట్టానికి చెయ్యెత్తాను. ఈ మాట నా చెవిన పడకూడదు."

"అయితే వినకు. తొమ్మిదింటికల్లా పోయి పడుకో."

"నీ లైసెన్సు సంగతి ఆలోచించావా? ఒక్క కేసు పడితే పందొమ్మిదేళ్ళ పని పోతుంది."

"ఆ గొయ్యి లోతెంతో తెలుసా నీకు?"

"నలభై అడుగులు."

"చూశావా? అది మాత్రం తెలుసు నీకు."

టానర్ తల వంచుకుని తింటున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మా ఇంట్లో ఉలిపికట్టె ఎవరో పెళ్ళయిన నెలకే నాకు తెలిసింది. ఇంక నేను వాదించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పట్టాలిచ్చారు, తల్లిదండ్రులు ఊళ్ళకి పోయారు. సాయంత్రం వెలుగు ఇంకా చాలా ఉండగానే పిల్లలు రావడం మొదలైంది. రెనే షెడ్డు గుమ్మంలో మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన తాళాల బకెట్టు, ఒళ్ళో అట్ట. ఆ అట్ట మీద ఉన్నది పగలు పసిపిల్లలకి వాడే అచ్చు కాగితమే. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను, అంటే చూడకుండా ఉండడానికి శతవిధాలా ప్రయత్నిస్తున్నాను.

"పేరు?" అంది రెనే.

ఆరడుగుల కుర్రాడు నవ్వాడు. "నా పేరు తెలీదా రెనే? నా చెడ్డీలు మార్చింది నువ్వే కదా."

"పేరు తెలుసు. ఎన్నింటికి వచ్చావో తెలీదుగా. తాళాలు ఇటివ్వు."

వచ్చిన ఇరవై ఇద్దరిలో పదకొండు మంది ఆమె చేతిలో పెరిగినవాళ్ళే. మాలరీ అనే అమ్మాయి కూడా అంతే. చిన్నప్పుడు మధ్యాహ్నం నిద్రపొమ్మంటే పడుకోకుండా చాప చుట్టేసుకుని గుమ్మం దాకా పోయేది. ఆ రోజు ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని వచ్చి రెనేని కావలించుకుంది. రెనే గడియారం చూసి ఆ కాగితం మీద ఏదో రాసుకుంది.

తొమ్మిదింటికి నేను మేడ మీదికి పోయి పడుకున్నాను. బయట ఇంకా పొద్దు పూర్తిగా గుంకలేదు. షెడ్డు లోంచి పాటలు, బీరు డబ్బాలు తెరిచిన చప్పుడు, నవ్వులు. కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. పాటలు ఆగాయి. మూడింటి పది నిమిషాలకి, మంచం పక్క గడియారంలో ఎర్రటి అంకెలు ఇప్పటికీ నా కళ్ళముందున్నాయి, కిటికీ కింద గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడైంది. చెప్పుల చప్పుడు కాదు, వట్టి పాదాలు. ఒకరే. ఒక ఆడపిల్ల తనలో తను ఏదో గొణుక్కుంటోంది. అడుగులు మా వాకిలి దాటి రోడ్డెక్కి తూర్పుకి తిరిగాయి.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడానికి నాకు నాలుగు అంగలు చాలు. కాని లేస్తే చూస్తాను. చూస్తే నాకు తెలుస్తుంది. ఆ రాత్రి నా ఆలోచన అంతకంటే ముందుకి పోలేదు. ఎవరో వాళ్ళింటికి పోతున్నారు, రెనే చూసుకుంటుంది అనుకున్నాను. రెనే ఆ సమయానికి షెడ్డు లోపల ఒకడి తల పట్టుకుని బకెట్టు ముందు కూర్చుని ఉందని నాకు తర్వాత తెలిసింది. నేను దుప్పటి భుజం మీదికి లాక్కున్నాను.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గాని, నిద్ర నటించేవాణ్ణి లేపలేరు.

పావుతక్కువ అయిదుకి రెనే వచ్చి దీపం వేసింది. "డ్వేన్, లే. ఒకరు తగ్గారు."

నేను కిందికి దిగేసరికి షెడ్డులో పిల్లలు వరసగా దుప్పట్లలో పడి ఉన్నారు. రెనే వాళ్ళ మధ్య నడుస్తూ వేలితో ఒక్కొక్క తలా లెక్కపెడుతోంది. వచ్చింది ఇరవై ఇద్దరు. అన్నలో అక్కలో వచ్చి తీసుకెళ్ళింది ఆరుగురిని. పదహారు ఉండాలి. పదిహేనే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టింది. మాలరీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

"ఎవరితోనో వెళ్ళుంటుందమ్మా," అన్నాడు టానర్. "ఫోన్ చెయ్యకు. చేస్తే నీ పని అయిపోతుంది."

"నేను బండేసుకుని ఓ చుట్టు చుట్టి వస్తాను," అన్నాను నేను. "ఒక్క గంట. అప్పటికీ దొరక్కపోతే ఫోన్ చేద్దాం."

రెనే నా వైపు తిరిగింది. "రెండేళ్ళ పిల్లయితే గంట ఆగేవాడివా?"

అప్పటికే నంబరు నొక్కేస్తోంది. కాగితం చూసి చదువుతున్నట్టు చెప్పింది, నిజానికి చదువుతూనే ఉంది. "మాలరీ. పద్ధెనిమిదేళ్ళు. ఆకుపచ్చ చొక్కా, కాళ్ళకి చెప్పుల్లేవు. రాత్రి ఒంటిగంట దాకా నాలుగు డబ్బాలు తాగింది, ఆ తర్వాత నేను తీసేసుకున్నాను. ఒకటిన్నరకి ఒకసారి వాంతి అయింది. రెండున్నరకి పడుకునుండగా చూశాను."

పది నిమిషాల్లో షెరీఫు ఆఫీసు పోలీసు కర్ట్ వచ్చాడు. నాతో కలిసి చదువుకున్నవాడు. అతని మూడేళ్ళ కూతురు హాడ్లీ మా ఇంట్లోనే పెరుగుతోంది. వెనకే ఫైరింజన్ వాళ్ళు నలుగురు. అందరి చూపూ పడమటికే, గొయ్యి వైపు. ఎవరూ ఆ మాట పైకి అనడం లేదు గాని తాళ్ళు దించుతున్నారు.

"రోడ్డు వైపు చూడండి," అన్నాను నేను. "తూర్పుగా."

రెనే నన్ను చూసింది. అంతే, ఒక్క చూపు.

అరమైలు దూరంలో, రోడ్డు కింద తూము దగ్గర, కాలవలో పడి ఉంది మాలరీ. సగం ఒళ్ళు నీళ్ళలో ఉంది. మా దగ్గర జూన్‌లో కూడా తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి ఉంది. ఆస్పత్రిలో డాక్టరు, "ఇంకో గంట ఆలస్యమై ఉంటే," అని మొదలుపెట్టి, మిగతాది చెప్పకుండా వెళ్ళిపోయాడట.

ఎండ వచ్చాక కర్ట్ మా వరండాలోకి వచ్చి టోపీ తీశాడు.

"రెనే, నేను అడగాలి."

"అడుగు."

"ఇక్కడ పిల్లలు తాగుతున్నారని నీకు తెలుసా?"

ఆమె అట్ట అతని చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు. ఇరవై రెండు పేర్లు, వచ్చిన వేళలు, వెళ్ళిన వేళలు, ఎవరు ఎన్ని తాగారో, ఎవరికి మంచినీళ్ళు ఇచ్చిందో, ఎవరిని పక్కకి తిప్పి పడుకోబెట్టిందో అన్నీ ఉన్నాయి.

"అసలిదెందుకు రాశావు నువ్వు?" అన్నాడు కర్ట్. కోపం కాదు, ఏడుపులా ఉంది గొంతు. "ఇది లేకపోతే నేను ఏదో ఒకటి చూసేవాణ్ణి."

"రాయకపోతే ఒకరు తగ్గారని నాకెలా తెలుస్తుంది?"

అతను నా వైపు తిరిగాడు. "నువ్వు డ్వేన్?"

నేను నోరు తెరిచేలోగా రెనే అంది. "తను తొమ్మిదింటికే నిద్రపోయాడు."

నేను తలూపాను. ఒక కాగితం మీద కర్ట్ ఆ మాటే రాసి చూపిస్తే సంతకం కూడా పెట్టాను.

లైసెన్సు ఆపేస్తున్నట్టు జిల్లా నుంచి ఉత్తరం బుధవారం వచ్చింది. నేనే తెచ్చాను. పొద్దున ఉత్తరాలు వేరుచేస్తుంటే చేతికి తగిలింది. కవరు చూడగానే అర్థమైంది. దాన్ని తొంభై మైళ్ళు బండిలో తిప్పి, చివర్లో మా డబ్బాలో వేసి, మళ్ళీ నేనే తీసి ఆమెకిచ్చాను.

మర్నాడు ఆరున్నరకి రెనే వరండాలో నిలబడి వచ్చిన ఒక్కొక్క తల్లికీ చెప్పింది. కర్ట్ కూడా హాడ్లీని ఎత్తుకుని వచ్చాడు. అతనికి సంగతి తెలియదని కాదు, అలవాటుగా వచ్చేశాడు.

"ఇప్పుడు దీన్నెక్కడ దించను?" అన్నాడు.

"కేసు రాసినవాడివి, దానికీ ఓ దారి రాసుకోవాల్సింది," అంది రెనే. అని, హాడ్లీ జుట్టు కట్టు వదులైతే బిగించి కట్టి పంపింది. ఆ పూట మా ఇంట్లో వినిపించిన నిశ్శబ్దం నాకు కొత్త. ఎనిమిది చిన్న కుర్చీలు గోడకి ఆనించి ఉన్నాయి.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఊరి తీరు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కూరలు చేసి తెచ్చారు, పెరట్లో గడ్డి కోసి పెట్టారు. కాని ప్రతివాళ్ళూ చివర్లో ఒకే మాట అన్నారు. "రెనే బంగారంలాంటి మనిషే. ఆ రాతే కొంప ముంచింది." మాలరీ తల్లి ఆ రాత్రి సరస్సు దగ్గర ఉండి, కబురందాక పరుగున వచ్చింది. ఆపి ఉంచిన ఉత్తరాల కట్ట ఇవ్వడానికి నేను వెళ్తే, తీసుకుని నా మొహం చూడలేక, "నేను ఊళ్ళో లేను," అంది.

"తెలుసండి," అన్నాను.

నన్ను చూస్తే మాత్రం అందరికీ జాలి. "పాపం, నువ్వేం చేస్తావు, నిద్రలో ఉన్నావు." హార్లన్ అయితే గోదాము ముందు అందరిలో నా వీపు చరిచాడు. "ఆ రోజు నువ్వు ఆ ముక్క తీయించకపోతే ఇవాళ మీరిద్దరూ బోనెక్కేవాళ్ళయ్యా!" నాకు ఆ దెబ్బ వీపు మీద కాదు, ఇంకెక్కడో తగిలింది. సిగ్గేసింది. అయినా నవ్వాను. రోజూ నవ్వుతూనే ఉన్నాను, ఆరు వారాలు.

రెనే నన్ను ఏమీ అడగలేదు. అది అన్నిటికంటే కష్టంగా ఉండేది. పొద్దున అయిదింటికే లేచి, చేయడానికి పని లేక వంటింటి అలమరలు కడిగేది.

జులై మూడో వారంలో కోర్టు. వకీలు ముందే నేర్పాడు. "అర్ధరాత్రి లోపలికి వెళ్ళిపోయానని చెప్పండమ్మా. వాళ్ళు తాగుతున్నది సోడా అనుకున్నానని చెప్పండి. ఆ కాగితం సంగతి నేను చూసుకుంటాను."

జడ్జి తెల్లజుట్టు ఆవిడ. కళ్ళద్దాల మీంచి చూసి అడిగింది. "వాళ్ళు తాగుతున్నారని మీకు తెలుసా?"

"తెలుసండి," అంది రెనే.

వకీలు కళ్ళు మూసుకున్నాడు. జడ్జి ఆ కాగితం చాలాసేపు చదివింది. "ఆ రాత్రి మీరు పోయి పడుకుని ఉంటే ఇవాళ నా ముందు ఉండేవారు కాదు. అది నాకూ తెలుసమ్మా."

"పడుకుని ఉంటే ఆ పిల్ల కూడా ఉండేది కాదండి."

జరిమానా వేసింది, కొంత ఊరి సేవ చెయ్యమంది. లైసెన్సు సంగతి తన చేతిలో లేదంది. నేరం ఒప్పుకున్నాక అయిదేళ్ళ దాకా దరఖాస్తు కూడా పెట్టకూడదని వకీలు మెట్ల మీద చెప్పాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టలేదు.

పికప్ బండిలో ఇంటికి బయల్దేరాం. పది మైళ్ళు వచ్చాం. రెండు పక్కలా మొక్కజొన్న మనిషెత్తు పెరిగి ఉంది. రెనే కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"రోడ్డు వైపు అని నువ్వెలా చెప్పావు?"

"ఏది?"

"ఆ పొద్దున. అందరూ గొయ్యికి పరిగెత్తబోతుంటే నువ్వు తూర్పు అన్నావు."

నేను కొంతదూరం అలాగే నడిపాను.

"అడుగుల చప్పుడు విన్నాను," అన్నాను. "మూడింటికి. నేను నిద్రపోలేదు."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"నువ్వా మాట అన్నప్పుడే తెలుసు."

"మరి నిద్రపోయాడని ఎందుకు చెప్పావు?"

"ఇద్దరి మీదా కేసు పడితే ఎలా? సోమవారం ఒకరైనా పనికి పోవాలిగా." అద్దం కిందికి దించింది. "ఇంకోటి కూడా ఉంది. నువ్వే చెప్తావేమోనని చూశాను. కర్ట్‌కి కాదు, నాకు. ఆరు వారాలు చూశాను డ్వేన్."

గొంతులో నింద లేదు. నింద ఉంటే ఎంత బాగుండును! ఆ వేసవంతా ఆమె నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క అబద్ధం నా కోసం చెప్పింది. నేను దాన్ని గొడుగులా పట్టుకుని ఊరంతా తిరిగాను. ఆ పిల్ల నీళ్ళలో పడి ఉన్న గంటన్నరా నేను వెచ్చగా దుప్పట్లో ఉన్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత వచ్చిన అడ్డరోడ్డు దగ్గర బండి వెనక్కి తిప్పాను.

"ఎక్కడికి?" అంది.

"వెనక్కి."

రెనే గడియారం చూసుకుంది. వద్దంటుందనుకున్నాను. ఉద్యోగం సంగతి గుర్తుచేస్తుందనుకున్నాను.

"భోజనాలకి మూసేస్తారు," అంది. "ఒంటిగంటకి గాని తెరవరు."

"ఆగుదాం."

కోర్టు మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాం. ఆకలేస్తే నాణేలేసే మిషన్లోంచి వేరుశెనగ పలుకుల పొట్లం కొని చెరిసగం తిన్నాం. చాలా రోజుల తర్వాత ఆమె భుజం నా భుజానికి ఆనింది. ఒంటిగంటకి, కోర్టు భవనంలోనే ఉన్న షెరీఫు ఆఫీసు తలుపు తెరిచారు. కౌంటరు వెనక కర్ట్ ఇంకా రొట్టె నములుతున్నాడు.

"ఏం మర్చిపోయారు?" అన్నాడు.

"జూన్‌లో నేను సంతకం పెట్టిన కాగితం ఒకటుంది. అది తప్పు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తాగుతున్నారని నాకు తెలుసు. మాలరీ బయటికి వెళ్ళడం కూడా విన్నాను."

కర్ట్ నమలడం ఆపేశాడు. నా వెనక బెంచీ మీద కూర్చున్న రెనే వైపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"డ్వేన్, కేసు అయిపోయింది. జడ్జిగారి సంతకం కూడా పడింది. నీకు ఉద్యోగం ఉంది, కౌన్సిల్ ఉంది. ఇంటికి పో. నువ్వు రాలేదు, నేనేమీ వినలేదు."

"విన్నావు," అన్నాను. "రాసుకో. మూడింటి పది నిమిషాలకి. గులకరాళ్ళ మీద, వట్టి కాళ్ళతో, తూర్పుకి."

కర్ట్ నోట్లోది మింగాడు. ఒక తెల్ల కాగితం ముందుకి లాక్కుని జేబులు తడుముకున్నాడు. రెనే బెంచీ మీంచి లేచి వచ్చి తన పెన్ను కౌంటరు మీద పెట్టింది.